గోల్ఫ్ ఔటింగ్ బాధ్యత మీ మీద పడిందా? హైదరాబాద్‌లో ఇలా చేయండి

ఆఫీసు నుంచో అపార్ట్‌మెంట్ నుంచో 16 మందిని గోల్ఫ్‌కి తీసుకెళ్ళే పని మీ మీద పడిందనుకోండి. వాళ్ళలో ఓ నలుగురు వారం వారం ఆడేవాళ్ళు. ఓ ఆరుగురు ఎప్పుడో కొన్నిసార్లు ఆడి వదిలేసినవాళ్ళు. మిగిలిన ఆరుగురు ఇంతవరకూ క్లబ్ (బంతిని కొట్టే కర్ర) చేత్తో ముట్టుకోనివాళ్ళు. మన ఊళ్ళో ఇలాంటి గుంపులు అటూ ఇటూగా ఇలాగే ఉంటాయి. ఏర్పాట్లు మాత్రం ఆ మొదటి నలుగురి చుట్టూ తిరుగుతాయి. ఏ కోర్సు (గోల్ఫ్ మైదానం), ఏ ఫార్మాట్ అన్న విషయంలో అభిప్రాయాలు ఉండేది వాళ్ళకే కదా.

మీరు చివరి ఆరుగురిని మనసులో పెట్టుకోండి. బాగా ఆడేవాళ్ళకి వాన పడినా, స్కోరు పాడైనా మళ్ళీ వారం ఆట ఉంటుంది. కొత్తవాళ్ళు ఎండలో ఐదు గంటలు బంతి తగలక, వెనక గుంపు చూస్తుంటే సిగ్గుపడుతూ గడిపితే ఈ ఆట వైపు మళ్ళీ రారు. నేను గోల్ఫ్‌ను ప్రేమిస్తాను కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను. తేదీ, కోర్సు, జట్లు, బహుమతులు, దేని దగ్గర ఆగినా "ఆ ఆరుగురికి ఇది ఎలా ఉంటుంది?" అని అడగండి. చాలా నిర్ణయాలు తేలికవుతాయి.

ముందు తేదీ

హైదరాబాద్‌లో గోల్ఫ్‌కి మంచి కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. మార్చిలో పొద్దున్నే మొదలుపెడితే నడుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో తొమ్మిది దాటితే కొత్తవాళ్ళకి ఆట మీద కంటే నీడ మీదే ధ్యాస. పైగా ఆ నెలల్లో మధ్యాహ్నం దాటాక ఉరుములు మెరుపులతో వానలు పడతాయి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వర్షాకాలం. నేల మెత్తగా ఉండి బంతి పడ్డచోటే దిగబడుతుంది, కార్ట్‌లను (కోర్సులో తిరిగే చిన్న బండ్లు) ఫెయిర్‌వే (పొట్టి గడ్డి ఉన్న ఆట దారి) మీదకి రానివ్వకపోవచ్చు.

చలికాలంలో సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో. అందుకని మొదటి టీ టైమ్ (ఆట మొదలుపెట్టే సమయం) ఏడు గంటలకి అడగండి. ఆరింటికి రమ్మంటే చీకట్లో నిలబడి చాయ్ తాగడం తప్ప పనేమీ ఉండదు.

గోల్కొండ వైపు కోర్సు అనుకుంటే క్యాలెండర్‌లో ఇంకో రెండు చూసుకోవాలి. ఆషాఢ మాసంలో గురు, ఆదివారాల్లో గోల్కొండ బోనాలు జరుగుతాయి. ఆ రోజుల్లో కోట చుట్టూ ట్రాఫిక్ మళ్ళిస్తారు. ఆగస్టు 15న రాష్ట్ర ప్రభుత్వ జెండా వందనం 2014 నుంచి కోటలోనే జరుగుతోంది కాబట్టి ఆ రోజూ, రిహార్సల్స్ జరిగే ముందు రోజులూ వదిలేయండి.

వీలైతే శని, ఆదివారాలు కాకుండా మామూలు రోజు తీసుకోండి. వారాంతపు ఉదయాలు సభ్యులవి. వాళ్ళు వారమంతా ఎదురుచూసే టైమ్ అది. ఆ మధ్యలో కొత్తవాళ్ళతో నెమ్మదిగా నడిచే గుంపు వెళ్తే ఇద్దరికీ ఇబ్బందే. చాలా కోర్సుల్లో వారానికి ఒక రోజు మెయింటెనెన్స్ కోసం మూసేస్తారు, అది కూడా అడగండి.

కోర్సు, ఫోన్ చేయాల్సిన తీరు

ఊళ్ళో 18 హోల్స్ (బంతి పడేయాల్సిన గుంటలు) ఉన్న కోర్సుల్లో ముందుగా గుర్తొచ్చేవి రెండు. ఒకటి హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ వాళ్ళది, గోల్కొండ కోటలో నయా ఖిల్లా భాగంలో ఉంటుంది. కుతుబ్‌షాహీల కాలంలో కోటకి తర్వాత చేర్చిన భాగం ఇది. పాత బురుజులు, ముల్లా ఖయాలీ మసీదు, హతియాన్ కా ఝాడ్ అని పిలిచే పెద్ద బావోబాబ్ చెట్టు, అన్నీ ఆ ఆవరణలోనే ఉన్నాయి. దేశవాళీ ప్రొఫెషనల్ టూర్ పీజీటీఐ ఆడించే గోల్కొండ మాస్టర్స్‌కి ఇది వేదిక. రెండోది గచ్చిబౌలి, మణికొండ వైపు ఉన్న బౌల్డర్ హిల్స్. పీటర్ హరాడిన్ డిజైన్ చేసిన కోర్సు, పేరుకు తగ్గట్టే బండరాళ్ళ మధ్య ఉంటుంది. ఇవి కాక సికింద్రాబాద్‌లో సైన్యం నడిపే కోర్సు ఉంది. మీ గుంపులో సర్వీసులో ఉన్నవాళ్ళో, రిటైరైన అధికారులో ఉంటే అక్కడి పద్ధతి వాళ్ళనే కనుక్కోమనండి.

ఏది ఎంచుకోవాలి? ఎక్కువ మంది ఎక్కడి నుంచి వస్తున్నారో చూడండి. ఎల్బీ నగర్ నుంచి, కొంపల్లి నుంచి పొద్దున ఆరున్నరకి చేరాలంటే ఐదున్నరకే బయల్దేరాలి. ఆ శ్రమ అందరికీ సమానంగా పడేచోటు మేలు.

ఫోన్ చేసినప్పుడు "ఎంత అవుతుంది?" అని మాత్రమే అడిగితే సగమే తెలుస్తుంది. అతిథులు సభ్యుడి పేరు మీదే రావాలా, నేరుగా బుక్ చేసుకోవచ్చా? హ్యాండీక్యాప్ (ఆటగాడి స్థాయిని చెప్పే అంకె) లేనివాళ్ళని కోర్సు మీదకి అనుమతిస్తారా, లేక రేంజ్ (ప్రాక్టీసు చేసే చోటు) వరకేనా? ఇది అన్నిటికంటే ముఖ్యం, ముందే అడగకపోతే ఆ ఆరుగురూ గేటు దగ్గర ఆగిపోతారు. చెప్పిన గ్రీన్ ఫీజులో (కోర్సులో ఆడటానికి కట్టేది) క్యాడీ (క్లబ్బులు మోసే సహాయకుడు) ఫీజు, కార్ట్, అద్దె క్లబ్బులు, జీఎస్టీ కలిశాయా? కుడిచేతి వాటం, ఎడమచేతి వాటం, ఆడవాళ్ళ సెట్లు ఎన్ని అద్దెకిస్తారు? వాన వచ్చి ఆగిపోతే డబ్బు సంగతేంటి? సమాధానాలన్నీ ఈమెయిల్‌లో పంపమనండి. తర్వాత మనిషికి ఇంత అని ఒకే అంకె గ్రూపులో పెట్టి, డబ్బు ముందే వసూలు చేయండి. ఆడిన తర్వాత లెక్కలు తేల్చుకుందామంటే స్నేహాలు దెబ్బతింటాయి.

18 హోల్స్ అందరికీ వద్దు

నలుగురు అనుభవం ఉన్నవాళ్ళు 18 హోల్స్ ఆడటానికి నాలుగు గంటలు పైనే పడుతుంది. కొత్తవాళ్ళు కలిస్తే ఐదు దాటుతుంది. నేను చెప్పే పద్ధతి ఇది. కొత్తవాళ్ళకి మొదటి గంటా గంటన్నర రేంజ్‌లోనూ పుటింగ్ గ్రీన్ (బంతిని హోల్‌లోకి దొర్లించడం నేర్చుకునే చోటు) మీదా కోచ్‌తో గడపనివ్వండి. ఆ టైమ్‌లో మిగతా పదిమందీ ముందు తొమ్మిది హోల్స్ మొదలుపెడతారు. వాళ్ళు తొమ్మిది ముగించి మజ్జిగ తాగి వచ్చాక, వెనక తొమ్మిదిలో అందరినీ కలపండి. ఆ లోపు కొత్తవాళ్ళకి ఖాళీ దొరికితే పుటింగ్ పోటీ పెట్టండి.

కోచ్‌కి ముందే ఒక మాట చెప్పండి: పాఠం పుటింగ్ నుంచి మొదలుపెట్టాలి. పార్ అంటే హోల్‌ని ఇన్ని దెబ్బల్లో పూర్తిచేయాలన్న లెక్క, అందులో ఒక్కో హోల్‌కి రెండు పుట్లు చేర్చి ఉంటాయి. అంటే పార్ 72 కోర్సులో 36 దెబ్బలు గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీదే, సరిగ్గా సగం. రోలయ్యే బంతిని మొదటి రోజే ఎవరైనా కొట్టగలరు. ఆ తర్వాత చిప్పింగ్ (గ్రీన్ పక్క నుంచి కొట్టే చిన్న దెబ్బ), ఆ తర్వాత సెవెన్ ఐరన్ (ఏడో నంబరు క్లబ్). డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్) జోలికి ఆ రోజు వెళ్ళక్కర్లేదు. పొడవాటి షాఫ్ట్ (కర్ర), తక్కువ లాఫ్ట్ (ముఖం వాలు) ఉన్న ఆ క్లబ్‌తో బంతి పక్కకి పోవడమే ఎక్కువ. కొత్తవాళ్ళకి టీ (ప్రతి హోల్‌కి మొదటి దెబ్బ కొట్టే చోటు) మీద కూడా సెవెన్ ఐరనే ఇవ్వండి. ముందు వైపు ఉన్న టీ నుంచే కొట్టనివ్వండి, మగవాళ్ళైనా సరే. దూరం తగ్గితే బంతి గ్రీన్ చేరుతుంది, మనిషి ముఖం వెలుగుతుంది.

ఫార్మాట్: స్క్రాంబుల్

వెనక తొమ్మిదికి స్క్రాంబుల్ పెట్టండి. నలుగురూ టీ షాట్ కొడతారు. అందులో మంచిది ఎంచుకుని, నలుగురూ అక్కడి నుంచే రెండో షాట్ ఆడతారు. హోల్‌లో పడేదాకా ఇంతే. గల్లీ క్రికెట్‌లో చిన్నోడికి మొదటి బాల్ ట్రయల్ ఇచ్చినట్టు, ఇక్కడ చెడ్డ షాట్‌కి ఎవరికీ శిక్ష ఉండదు. ఇంకో షరతు కలపండి: ప్రతి ఒక్కరి టీ షాట్‌నీ తొమ్మిది హోల్స్‌లో కనీసం ఒకసారి వాడుకోవాలి. దీనితో కొత్తవాళ్ళ షాట్ కోసం జట్టంతా ఎదురుచూస్తుంది. ఎనిమిదో హోల్‌లో "ఇప్పుడు నీ షాటే కావాలి, కానీ కంగారొద్దు" అని సీనియర్ చెప్పడం ఆ ఉదయానికే అందం.

జట్లు కట్టేటప్పుడు ఒక్కో దాంట్లో ఒక మంచి ఆటగాడు తప్పనిసరి. మిగతా ముగ్గురిలో కొత్తవాళ్ళు ఒకరో ఇద్దరో. నలుగురు హేమాహేమీలు "మేం నలుగురం కలిసి వెళ్తాం" అంటారు. ముందు తొమ్మిదిలో వాళ్ళని అలాగే పోనివ్వండి, వెనక తొమ్మిదిలో మాత్రం ఒప్పుకోవద్దు. మేనేజర్‌నీ, ఆయన కింద పనిచేసే కొత్త ఉద్యోగినీ ఒకే జట్టులో వేయొద్దు. ఆ టెన్షన్ ఆటలోకి రాకూడదు.

నాలుగు జట్లంటే పది నిమిషాల తేడాతో నాలుగు టీ టైమ్‌లు చాలు. షాట్‌గన్ స్టార్ట్, అంటే అందరూ వేర్వేరు హోల్స్ నుంచి ఒకేసారి మొదలుపెట్టడం, మంది బాగా ఎక్కువగా ఉంటేనే.

18 హోల్స్ ఒంటరి స్కోరుతో ఆడతామనే అనుభవజ్ఞులు ఉండి, వాళ్ళలో కొందరికి హ్యాండీక్యాప్ లేకపోతే సిస్టమ్ 36 వాడండి. పార్ లేదా అంతకంటే మెరుగ్గా ఆడిన హోల్‌కి 2 పాయింట్లు, బోగీకి (పార్ కంటే ఒక దెబ్బ ఎక్కువ) 1, ఆపైన సున్నా. మొత్తాన్ని 36 నుంచి తీసేస్తే ఆ రోజు హ్యాండీక్యాప్ వస్తుంది. ఉదాహరణకి పార్ 72 కోర్సులో ఆరు పార్లు, ఆరు బోగీలు, ఆరు డబుల్ బోగీలు ఆడితే స్కోరు 90. పాయింట్లు 12 ప్లస్ 6, అంటే 18. హ్యాండీక్యాప్ 18, దాన్ని స్కోరులోంచి తీసేస్తే వచ్చే నెట్ స్కోరు 72.

సామాను

కొత్తవాళ్ళు ఏమీ కొనక్కర్లేదు. గ్రూపులో ఇలా మెసేజ్ పెట్టండి: కాలర్ ఉన్న టీషర్ట్, కాటన్ ప్యాంటు లేదా మోకాలి పొడవు షార్ట్స్, జీన్స్ వద్దు, అడుగు చదునుగా ఉన్న స్పోర్ట్స్ షూ, టోపీ, సన్‌స్క్రీన్, రెండు లీటర్ల నీళ్ళు. గ్లవ్ ఒకటి కొనుక్కుంటే మంచిది. కుడిచేతి వాటం వాళ్ళు ఎడమ చేతికి వేసుకుంటారు, ఈ ముక్క రాయకపోతే సగం మంది తప్పు గ్లవ్‌తో వస్తారు. అరచేతి దగ్గర ముడతలు రాకుండా బిగుతుగా ఉండాలి.

ఔటింగ్ అయ్యాక ఇద్దరు ముగ్గురు "సెట్ కొనాలనుంది, ఏది కొనమంటారు?" అని అడుగుతారు. అప్పుడు ఆగమని చెప్పండి. ముందు రేంజ్‌లో నాలుగైదు పాఠాలు, అద్దె క్లబ్బులతోనే. ఆ తర్వాత హాఫ్ సెట్. నిబంధనల ప్రకారం బ్యాగ్‌లో 14 క్లబ్బుల దాకా ఉండొచ్చు గానీ మొదటి ఏడాదికి ఏడు సరిపోతాయి: ఒక ఫెయిర్‌వే వుడ్, ఒక హైబ్రిడ్, సెవెన్, నైన్ ఐరన్‌లు, పిచింగ్ వెడ్జ్, శాండ్ వెడ్జ్, పుటర్. పుటర్ మాత్రం చేత్తో పట్టుకుని చూసి కొనాలి. డెకాథ్లాన్ వాళ్ళ ఇనెసిస్ సెట్లు మొదలుపెట్టేవాళ్ళకి పనికొస్తాయి. క్లబ్‌లో ఎవరైనా కొత్త సెట్‌కి మారుతుంటే వాళ్ళ పాతది అడగడం ఇంకా మంచిది. షాఫ్ట్ మీద స్టిఫ్ (తక్కువ వంగేది) అని ఉంటే ఆలోచించండి, నెమ్మదిగా ఊపేవాళ్ళకి రెగ్యులర్ కావాలి. ఆన్‌లైన్‌లో పెద్ద బ్రాండ్ సెట్ నమ్మలేనంత చవగ్గా కనిపిస్తే నకిలీ అయ్యే అవకాశం ఎక్కువ.

బంతుల విషయంలో దుబారా వద్దు. కొత్తవాళ్ళకి గట్టి కవర్ ఉన్న మామూలు టూ పీస్ బంతులు, ఒక్కొక్కరికి ఆరు. పైన యురేథేన్ పొర ఉన్న ఖరీదైన బంతి ఇచ్చే స్పిన్ మొదటి ఏడాది ఎవరికీ అందదు. బంతి పొదల్లోకి పోయినప్పుడు మాత్రం గుండె తరుక్కుపోతుంది.

ఆ రోజు ఉదయం

అందరినీ టీ టైమ్‌కి అరగంట ముందు రమ్మనండి. మొదటి టీ దగ్గర అందర్నీ నిలబెట్టి ఐదు నిమిషాలు మాట్లాడండి. ఏం చెప్పాలంటే: ఎవరైనా కొడుతుంటే వాళ్ళ ముందుకి వెళ్ళొద్దు, కదలొద్దు. బంతి మనుషుల వైపు పోతే సిగ్గుపడకుండా "ఫోర్!" అని గట్టిగా అరవాలి. ఆ అరుపు వినిపిస్తే చేతులతో తల కప్పుకుని వంగాలి, తల ఎత్తి బంతి కోసం చూడకూడదు. ఎవరు సిద్ధంగా ఉంటే వాళ్ళు కొట్టేయొచ్చు. బంతి కోసం వెతకడానికి మూడు నిమిషాలే. 2019కి ముందు ఐదు ఉండేది, ఇప్పుడు నిబంధనే మూడు. పుట్ చేసేటప్పుడు జెండా కర్ర అలాగే ఉంచొచ్చు, అదీ 2019 నుంచే. బంకర్ (ఇసుక గుంట) లో నుంచి బయటికి వచ్చాక రేక్‌తో ఇసుక సరిచేయాలి. గ్రీన్ మీద బంతి పడి గుంట చేస్తే అంచులను లోపలికి నొక్కుతూ పూడ్చాలి, మధ్యలో ఎత్తితే గడ్డి వేళ్ళు తెగుతాయి.

రాళ్ళ గురించి విడిగా చెప్పండి. మన ఊరి బండలు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్, వాటికి తగిలిన బంతి ఎటు తిరిగి వస్తుందో చెప్పలేం. బండను ఆనుకుని ఉన్న బంతిని కొట్టొద్దు, క్లబ్ విరుగుతుంది, మణికట్టు నొప్పి పట్టుకుంటుంది. రాళ్ళ సందుల్లో, పొదల్లో చేయి పెట్టి బంతి తీయొద్దు, పాములుంటాయి. ఆ బంతి పోయిందనుకోండి.

ఉరుము వినిపిస్తే ఆట ఆపి క్లబ్‌హౌస్‌లోకో మూసిన కారులోకో వెళ్ళిపోవాలి. చెట్టు కింద నిలబడొద్దు, కార్ట్ రక్షణ ఇవ్వదు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాకే బయటికి రావాలి. ఎంత ఆట మిగిలినా ఇందులో రాజీ లేదు.

క్యాడీల గురించి మీ వాళ్ళకి మర్యాదగా గుర్తుచేయండి. పేరు అడిగి, పేరుతోనో "అన్నా" అనో పిలవాలి. ఆ కోర్సులో ఏ గ్రీన్ ఎటు వాలుతుందో ఏళ్ళ తరబడి చూసినవాళ్ళు. "థోడా లెఫ్ట్, ధీరే" అన్నారంటే అలాగే కొట్టండి. వాళ్ళకి నీళ్ళు, టిఫిన్ మీ లెక్కలో కలపండి. టిప్ ఎంతో ముందే గుంపంతా ఒక మాట అనుకుని కవర్లలో పెట్టి ఉంచండి, ఒకరు ఎక్కువ ఒకరు తక్కువ ఇచ్చే ఇబ్బంది ఉండదు.

తిండి విషయంలో ఆడే ముందు తేలిగ్గా: ఇడ్లీ, అరటిపండు. మధ్యలో మజ్జిగ, పల్లీ చిక్కీ, ఉస్మానియా బిస్కెట్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు. బిర్యానీ ఆట అయ్యాకే.

బహుమతులు, గిఫ్టులు

ట్రోఫీల మీద డబ్బు పెట్టకండి. షోకేస్‌లో దుమ్ము పట్టే వస్తువుకంటే, రేపు మళ్ళీ కోర్సుకి తీసుకెళ్ళే వస్తువు మంచిది. డజను బంతులు, మూడు బంతుల స్లీవ్, మంచి టవల్, పెద్ద గొడుగు, బాల్ మార్కర్, గ్రీన్ మీద బంతి చేసిన గుంట (పిచ్ మార్క్) సరిచేసే చిన్న ఫోర్క్, ఇవన్నీ ఎవరికైనా పనికొస్తాయి. బంతుల మీద కంపెనీ లోగో వేయించాలంటే ముందుగానే ఆర్డర్ ఇవ్వండి.

పరిమాణం తెలియాల్సిన వస్తువులు గిఫ్టుగా వద్దు. గ్లవ్, షూ, క్లబ్బులు ఆ కోవలోవి. రిటైరవుతున్న పెద్దాయనకి ఖరీదైన డ్రైవర్ ఇవ్వాలనిపిస్తే, దాని బదులు క్లబ్ ఫిటింగ్ సెషన్ (మనిషికి సరిపోయే క్లబ్ కొలత చూడటం) ఇచ్చి, తర్వాత ఆయనకి నచ్చింది ఆయన్నే ఎంచుకోనివ్వండి. కొత్తవాళ్ళందరికీ బహుమతిగా కోచ్ దగ్గర ఒక్కో పాఠం కూపన్ ఇవ్వగలిగితే దానంత మంచి గిఫ్టు ఇంకొకటి లేదు.

పోటీలు రెండు మూడు పెట్టండి. పార్ త్రీ (మూడు దెబ్బల) హోల్‌లో జెండాకి దగ్గరగా వేసినవాళ్ళకి ఒకటి, పుటింగ్ పోటీకి ఒకటి. లాంగెస్ట్ డ్రైవ్ పెడితే అనుభవజ్ఞులే గెలుస్తారు, దానికి చిన్న బహుమతి చాలు. పెద్దది పుటింగ్‌కి పెట్టండి, అక్కడ ఎవరైనా గెలవొచ్చు. నగదు మాత్రం వద్దు. హ్యాండీక్యాప్ పోటీలో డబ్బు బహుమతి తీసుకుంటే అమెచ్యూర్ హోదా నిబంధనలకి విరుద్ధం, రేపు క్లబ్ టోర్నమెంట్లు ఆడాలనుకునే మీ సీనియర్లకి అదో సమస్య.

ఆ మర్నాడు

ఫొటోలు, స్కోర్లు గ్రూపులో పెట్టండి. ఒక్కో కొత్తవాడి మంచి షాట్ ఏదో పేరుతో సహా రాయండి. గ్రూపును ఖాళీగా వదలకుండా గోల్ఫ్ కబుర్లతో నడపండి. మగవాళ్ళ గోల్ఫ్‌లో అతి పెద్ద టోర్నమెంట్లైన నాలుగు మేజర్లు ఏప్రిల్ నుంచి జూలై వరకు నెలకొకటి వస్తాయి: మాస్టర్స్, పీజీఏ చాంపియన్‌షిప్, యూఎస్ ఓపెన్, ది ఓపెన్. మాస్టర్స్ ఆఖరి హోల్స్ మనకి సోమవారం తెల్లవారుజామున పడతాయి. జూలైలో బ్రిటన్‌లో జరిగే ది ఓపెన్ మాత్రం ఆదివారం రాత్రి పడుకునేలోపే అయిపోతుంది కాబట్టి కలిసి చూడటానికి అది పెట్టుకోండి. పుటింగ్ ఎందుకు ముఖ్యమని ఎవరైనా అడిగితే టోక్యో ఒలింపిక్స్‌లో మన గోల్ఫర్ అదితి అశోక్ ఆఖరి రౌండ్ వీడియో పంపండి. 2021 ఆగస్టులో ఆమె ఒక్క స్ట్రోక్ తేడాతో పతకానికి దూరమై నాలుగో స్థానంలో నిలిచింది. పీజీటీఐ టోర్నమెంట్ ఊళ్ళో జరిగే వారం ఉంటే ప్రేక్షకులను అనుమతిస్తున్నారేమో క్లబ్‌లో అడిగి, కొత్తవాళ్ళని తీసుకెళ్ళండి.

మళ్ళీ ఔటింగ్ ఎప్పుడని గ్రూపులో అడగకండి, సమాధానాలు రావు. ఆ ఆరుగురిలో కోచ్ దగ్గర బాగా నవ్వినవాళ్ళు ఎవరో మీకు ఈపాటికి తెలిసి ఉంటుంది. వాళ్ళకి విడిగా ఫోన్ చేసి, వచ్చే శనివారం సాయంత్రం రేంజ్‌కి మీతో పాటు తీసుకెళ్ళండి. అద్దె సెవెన్ ఐరన్, ఒక బకెట్ బంతులు చాలు.